తిలోదకం: సైబరాబాదు నేలపై మహాలయామావాస్య చరిత్ర

తెలుగుభాషలో ఒక వస్తువునో, ఒక ఆశనో, ఒక సంబంధాన్నో పూర్తిగా విడిచిపెట్టడాన్ని తెలిపే పలుకుబళ్లు రెండు బహుళప్రచారంలో ఉన్నాయి. "దాని మీద నీళ్లు వదులుకున్నాడు" అనేది ఒకటి. "దానికి తిలోదకాలు ఇచ్చాడు" అనేది మరొకటి. ఈ రెండూ దానవిధి నుండి, పితృతర్పణవిధి నుండి లోకవ్యవహారంలోకి వచ్చినవే. అయితే విధి నుండి వ్యవహారానికి వచ్చే దారిలో వాటి అర్థం తలక్రిందులైంది. ఫలానావారు తమ ఆశయాలకు తిలోదకాలిచ్చారని వార్తాపత్రిక వ్రాస్తే, వాటిని మరచిపోయారనీ, నిర్లక్ష్యంగా పారవేశారనీ భావం. విధిలో మాత్రం తిలోదకం మరపునకు సర్వథా విరుద్ధమైన క్రియ. కర్త దక్షిణాభిముఖుడై, ప్రాచీనావీతియై, దర్భపవిత్రం ధరించి, తండ్రి, తాత, ముత్తాతల గోత్రనామాలను ఒక్కొక్కటిగా ఉచ్చరించి, వారిని వసురుద్రాదిత్య స్వరూపులుగా భావించి, బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమనున్న పితృతీర్థం మీదుగా నువ్వులతో కూడిన నీటిని జారవిడుస్తాడు. అక్కడ మొదట స్మరణం, తరువాతనే విసర్జనం.

ఈ భేదాన్ని జ్ఞాపకం చేసుకోవలసిన అవసరం నేడు హైటెక్ సిటీ, మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో ప్రత్యేకంగా కలుగుతున్నది. అమావాస్యనాడు మనస్సులోని భారాన్ని కాగితంపై వ్రాసి అగ్నికి అర్పించడం, దీపం ముందు మౌనంగా కూర్చుండి గతాన్ని విడిచిపెట్టడం వంటి అభ్యాసాలు పాశ్చాత్య దేశాల నుండి చరవాణి ద్వారా ఇక్కడి యువతకు చేరుతున్నాయి. వాటిలో దోషం వెదకడం ఈ వ్యాసానికి ఉద్దేశం కాదు. చంద్రుని క్షయవృద్ధులను అనుసరించి మనస్సును పరిశోధించుకోవాలనే తపన సహజమైనది. కాని ఆ తపనకు ఈ నేలపైననే, ఈ నీటి ఒడ్డుననే సుదీర్ఘమైన చరిత్ర ఉన్నదని తెలిసినవారు అరుదు. ఆ చరిత్ర తెలిస్తే, విడిచిపెట్టడం అనే మాటకు పూర్వులు ఇచ్చిన అర్థం కూడా తెలుస్తుంది.

వేదకాలపు పర్వసంధి

"అమా" అంటే కలసి, "వస్" అంటే నివసించడం. సూర్యచంద్రులు ఏకస్థానంలో నివసించే తిథి అమావాస్య. ఇష్టులన్నింటికీ ప్రకృతిభూతమైనది దర్శపూర్ణమాసం. అంటే అమావాస్యకూ పూర్ణిమకూ సంబంధించిన యాగం. తెలుగుదేశంలోని కృష్ణయజుర్వేదులలో అత్యధికులు అనుసరించే ఆపస్తంబ మహర్షి తన శ్రౌతసూత్రాన్ని ఈ దర్శపూర్ణమాసాలతోనే ఆరంభించాడు. ఇష్టికి ముందురోజు ఉపవసథం. ఆనాడు యజమానుడు మితాహారియై, అగ్నుల సమీపంలోనే శయనించి, అసత్యాన్ని విడిచి సత్యాన్ని పొందుతున్నానని వ్రతం స్వీకరిస్తాడు. నేడు మనం అన్నం మానడంగా మాత్రమే గ్రహిస్తున్న ఉపవాసానికి మూలార్థం ఇదే: దేవతల సన్నిధిలో వసించడం. కాబట్టి వైదికుడు పక్షానికి ఒకమారు విడిచిపెట్టేది మొట్టమొదట అసత్యాన్ని.

మరునాడు అగ్నిలో హవిస్సు పడుతున్నప్పుడు యజమానుడు "న మమ" అని పలుకుతాడు. ఇది నాది కాదు అని దీని అర్థం. మీమాంసకులు యాగానికి చెప్పిన లక్షణం కూడా దేవతను ఉద్దేశించి ద్రవ్యాన్ని త్యజించడమే. ఇక్కడ గమనింపదగినది "ఉద్దేశించి" అనే మాట. త్యాగానికి ఎల్లప్పుడూ ఒక గ్రహీత ఉన్నాడు. శూన్యంలోకి విసరివేయడం త్యాగం కాదు. అమావాస్య అపరాహ్ణంలో జరిగే పిండపితృయజ్ఞంలో ఆ గ్రహీతలు పితరులు.

బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయంలో ఈ తిథికి ఒక అద్భుతమైన తాత్పర్యం చెప్పబడింది. ప్రజాపతి సంవత్సరస్వరూపుడు, షోడశకళలు కలవాడు. రాత్రులే ఆయనకు పదిహేను కళలు. అవి పెరుగుతాయి, తరుగుతాయి. పదహారవ కళ మాత్రం ధ్రువం. అమావాస్య రాత్రి ఆయన ఆ పదహారవ కళతో సమస్తప్రాణులలో ప్రవేశించి, మరునాటి ఉదయం తిరిగి జన్మిస్తాడు. అందుచేత ఆ రాత్రి ఏ ప్రాణినీ, తుదకు తొండను సైతం, హింసింపరాదని శ్రుతి శాసిస్తుంది. అంతటితో ఆగక అదే ఉపనిషత్తు ఈ తత్త్వాన్ని మనుష్యునికి అన్వయిస్తుంది. మానవునికి ధనమే పదిహేను కళలు, ఆత్మ పదహారవది. ఆత్మ చక్రంలోని నాభి వంటిది, ధనం చుట్టూ ఉన్న నేమి వంటిది. సర్వస్వం పోయినా తాను నిలిచి ఉన్నవాడు నేమిని మాత్రమే పోగొట్టుకున్నాడు. చంద్రుడు అదృశ్యమైన రాత్రి ఈ ఉపదేశం జరగడంలోని ఔచిత్యం సుస్పష్టం. కనబడనంత మాత్రాన చంద్రుడు లేడని కాదు. క్షీణించేవన్నీ క్షీణించినా మిగిలేది ఒకటి ఉన్నది.

కొద్ది వాక్యాల తరువాతనే అక్కడ "సంప్రత్తి" అనే కర్మ వర్ణితమైంది. ఇహలోకం విడువనున్నానని తెలిసిన తండ్రి కుమారుని పిలిచి, తాను అధ్యయనం చేసినదీ చేయవలసి మిగిలినదీ, తన యజ్ఞాలూ, తన లోకాలూ అతనికి అప్పగిస్తాడు, కుమారుడు అంగీకరిస్తాడు. మరణమనే మహాత్యాగాన్ని కూడా వేదం అప్పగింతగానే చూసింది. తర్పణం చేసే కుమారుడు ఆ అప్పగింతకు బదులు పలుకుతున్నవాడు.

మూసీతీరపు విహారం

ఈ ఉపవసథమే పాళిభాషలో "ఉపోసథ" అయి బౌద్ధసంఘంలో ప్రవేశించింది. ఇతర పరివ్రాజకులు పక్షంలోని చతుర్దశీ, పంచదశీ, అష్టమీ దినాలలో సమావేశమై ధర్మం చెబుతున్నారనీ, భిక్షువులు కూడా అట్లే చేయుట మంచిదనీ మగధరాజు బింబిసారుడు బుద్ధునికి విన్నవించినట్లు వినయపిటకం చెబుతుంది. నాటి నుండి భిక్షువులు అమావాస్యకూ పూర్ణిమకూ ఒకచోట చేరి, ప్రాతిమోక్ష నియమాలను వల్లించి, తప్పు చేసినవారు దానిని దాచక ప్రకటించే ఆచారం స్థిరపడింది. వర్షావాసం ముగిసిన పూర్ణిమనాడు "ప్రవారణ" జరుగుతుంది. ఆనాడు ప్రతి భిక్షువూ సంఘం ఎదుట కూర్చుండి, నాలో మీరు చూచిన, వినిన, శంకించిన దోషాలను దయతో చెప్పండని ప్రార్థిస్తాడు. జైనుల పాక్షిక ప్రతిక్రమణం కూడా ఇటువంటి ఆత్మపరిశోధనమే.

ఇది మగధకు పరిమితమైన కథ కాదు. హైదరాబాదులోని చైతన్యపురి వద్ద, మూసీనది సమీపంలోని గుట్టపై, బ్రాహ్మీలిపిలో ప్రాకృత శాసనం ఒకటి లభించింది. అందులో "గోవిందరాజ విహారం" ప్రస్తావన ఉన్నది. విష్ణుకుండి వంశీయుల కాలానికి చెందినదిగా పండితులు భావించిన ఈ శాసనం, నేటి మహానగరపు నేలపై సుమారు 1500 ఏండ్ల క్రిందటే భిక్షుసంఘం నివసించిందని తెలుపుతున్నది. విహారమున్నచోట ఉపోసథం తప్పదు. అనంతగిరి కొండలలో పుట్టి, ముచుకుంద మహర్షి పేరుతో పురాణప్రసిద్ధి పొంది, నగరం మధ్యగా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే ఈ నది ఒడ్డున, చంద్రుని లెక్కపెట్టుకుంటూ తమ తప్పులను పలికి విడిచిన మనుష్యులు ఆనాడే ఉన్నారు. బౌద్ధుని త్యాగానికీ వైదికుని త్యాగానికీ దర్శనభేదం ఎంత ఉన్నా, ఒక లక్షణం సమానం. దోషాన్ని ఏకాంతంలో కాల్చివేయడం కాక, మరొకరి ఎదుట పలికి విడవడం.

ధారాపూర్వకం

తరువాతి శతాబ్దాలలో ఈ పర్వదినాలకు శిలాసాక్ష్యం విస్తారంగా లభిస్తుంది. కళ్యాణి చాళుక్యుల, కాకతీయుల దానశాసనాలలో గ్రహణం, సంక్రాంతి, అమావాస్య, పూర్ణిమ వంటి పుణ్యకాలాల ఉల్లేఖం పదేపదే కనిపిస్తుంది. భూమినిగాని, ఆదాయాన్నిగాని ఇచ్చేటప్పుడు దాత గ్రహీత చేతిలో నీరు విడిచి "ధారాపూర్వకంగా" ఇచ్చేవాడు. ధారాదత్తం చేయడం అనే తెలుగు పలుకుబడి ఇక్కడి నుండి వచ్చింది. నీరు చేతినుండి జారిన క్షణంలో స్వత్వం నశిస్తుంది. దానిని తిరిగి కోరే హక్కు దాతకు లేదు. తర్పణంలోని నీటికీ, దానంలోని ధారకూ ఉన్న బంధుత్వం ఇదే.

అటువంటి దానాలలో చెరువు శ్రేష్ఠమని నాటివారి విశ్వాసం. తనయుడు, తటాకం, దేవాలయం, వనం, నిధి, కావ్యం, అగ్రహారం అనే సప్తసంతానాలలో చెరువు ఒకటి. కన్నకొడుకు ఇచ్చే తిలోదకంతో సమానంగా, త్రవ్వించిన చెరువు కూడా కర్తను తరింపజేస్తుందని దీని భావం. గణపతిదేవుని సోదరి మైలాంబ నిర్మింపజేసిన బయ్యారం చెరువు, దాని శాసనం ఈ భావానికి ప్రసిద్ధ నిదర్శనాలు. గోలకొండ దుర్గానికి కుతుబ్‌షాహీల కాలంలో త్రాగునీరు అందించిన దుర్గం చెరువు, నేటి మాదాపూరు రాయదుర్గాల నడుమ రాతికొండల మధ్య ఇప్పటికీ ఉన్నది. రాజ్యాలు మారినా చెరువును కాపాడుకోవాలనే ధర్మం మారలేదు.

కీలకనామ సంవత్సరం

1908 సెప్టెంబరు 28వ తేదీ హైదరాబాదు చరిత్రలో మహావిషాదదినం. ఎడతెగని వర్షాలతో పైనున్న చెరువుకట్టలు తెగి మూసీనది నగరంపై విరుచుకుపడింది. మృతులు సుమారు 15,000 మంది అని అంచనా. నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టును ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు కాపాడుకున్నారని ప్రసిద్ధి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పండితుల సలహాపై నదీమతల్లికి పూజలు సమర్పించి శాంతింపజేయగోరాడని కూడా లోకంలో ప్రతీతి.

పంచాంగం వైపు నుండి చూచినప్పుడు ఈ తేదీ మరొక విషయం చెబుతుంది. ఆ కీలకనామ సంవత్సరంలో మహాలయామావాస్య సెప్టెంబరు 25న వచ్చింది. అంటే పితృపక్షం ముగిసిన మూడవనాడు, ఆశ్వయుజ శుద్ధ తదియనాడు, వరద వచ్చింది. పదిహేను దినాలు తమ పితరులకు తిలోదకాలిచ్చిన గృహస్థులు, ఆ తడి ఆరకముందే తామే పితృలోకం చేరారు. కొన్ని ఇండ్లలో తిలోదకం ఇవ్వడానికి సైతం ఎవరూ మిగలలేదు.

ఇటువంటి మృతులను శాస్త్రం విస్మరించలేదు. మహాలయపక్షంలో చతుర్దశి శస్త్రాదులచేత దుర్మరణం పొందినవారికి కేటాయింపబడింది. గురువులు, మిత్రులు, ఆశ్రితులు మొదలైనవారు కారుణ్యపితరులుగా స్మరింపబడతారు. తర్పణాంతంలో తడివస్త్రాన్ని పిండినప్పుడు జారే నీరు, సంతతి లేక గతించినవారికి చెందుతుంది. రక్తసంబంధంతో మొదలైన స్మరణం అక్కడ దాని హద్దును దాటి, ఎవరూ లేనివారి వరకు విస్తరిస్తుంది.

నగరం కూడా తనదైన రీతిలో ఆ మృతులకు ఉదకదానం చేసిందని చెప్పవచ్చు. నిజాం ప్రభుత్వం ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను పైభాగంలోనే నిలిపే జలాశయాల పథకాన్ని సూచించాడు. తత్ఫలితంగా మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. చంపిన నీరే త్రాగునీరైంది. గండిపేట నీరు త్రాగినవారు ఈ నగరాన్ని విడిచిపోలేరని నగరవాసులు చెప్పుకొనే మాట ఉన్నది. ఆ నీటి వెనుక ఎందరి మరణం ఉన్నదో మాత్రం ఆ మాట చెప్పదు. సప్తసంతానాలలో తటాకాన్ని ఎందుకు చేర్చారో 1908 తరువాతి హైదరాబాదు చరిత్ర వ్యాఖ్యానిస్తున్నది.

పూలు, పసుపు

మహాలయామావాస్యనాడు పురుషులు తిలోదకం విడుస్తుండగా, అదే సాయంకాలం తెలంగాణ స్త్రీలు ఎంగిలిపూల బతుకమ్మను ఎత్తుకుంటారు. తంగేడు, గునుగు, బంతి, చామంతి పూలను వలయాలుగా పేర్చి, శిఖరంపై పసుపుతో చేసిన గౌరమ్మను నిలుపుతారు. ఆరవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు పూలు పేర్చరు. దుర్గాష్టమినాడు సద్దుల బతుకమ్మతో పండుగ ముగుస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్రపండుగగా ప్రకటించింది.

భాద్రపద శుద్ధ చతుర్దశి నుండి ఆశ్వయుజ శుద్ధ అష్టమి వరకు ఉన్న మూడున్నర వారాలలో ఈ ప్రాంతం మూడు విసర్జనలు చూస్తుంది. మొదట ఉద్వాసన చెప్పిన గణపతి మృణ్మయమూర్తి, తరువాత తిలోదకం, చివరకు బతుకమ్మ పూలు. మూడూ నీటినే చేరుతాయి. ఈ మూడింటిలో బతుకమ్మది విశిష్టమైన పద్ధతి. పూలు చెరువులోకి సాగిపోతాయి. పసుపు గౌరమ్మను మాత్రం స్త్రీలు మిగుల్చుకొని పుస్తెలకు పూసుకుంటారు, ఒకరికొకరు పంచుకుంటారు. వాడిపోయేది వెళ్లిపోతుంది, మంగళకరమైనది శరీరాన్ని అంటి నిలుస్తుంది. బృహదారణ్యకం చెప్పిన పదిహేను కళలనూ, ధ్రువమైన పదహారవ కళనూ, ఆ గ్రంథం పేరు వినని పల్లెస్త్రీలు చెరువుగట్టుపై ఏటేటా ఆచరించి చూపుతున్నారు.

గాజుభవనాల మధ్య

1998 నవంబరులో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు మాదాపూరు చుట్టూ ఎక్కువగా రాతిగుట్టలు, పొలాలు, చిన్న గ్రామాలు ఉండేవి. అనతికాలంలోనే కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట మీదుగా గండిపేట సమీపం వరకు కార్యాలయాలు వ్యాపించాయి. 2020 సెప్టెంబరు 25న దుర్గం చెరువుపై తీగలవంతెన ప్రారంభమైంది. గోదావరి మండలాల నుండి, రాయలసీమ నుండి, ఉత్తరాంధ్ర నుండి వచ్చినవారికి ఈ ప్రాంతం నివాసమైంది.

వచ్చినవారు తమ సంకల్పాన్ని మార్చుకోవలసి వచ్చింది. సంకల్పంలో కర్త శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య కూర్చున్నాడో చెప్పాలి. గోదావరి ఒడ్డున పుట్టినవాడు మాదాపూరులో కూర్చుంటే కృష్ణాగోదావరుల మధ్యదేశమని, శ్రీశైలానికి వాయవ్యమని చెప్పుకుంటాడు. ఊరు విడిచి వచ్చినవాడు కొత్త నేలను పేరుతో పిలిచి అంగీకరించే మొదటి వాక్యం అదే. విదేశీ సంస్థల గడియారాన్ని అనుసరించే ఉద్యోగాలలో, మధ్యాహ్నపు కుతపకాలం కొందరికి నిద్రాసమయం, కొందరికి సమావేశసమయం. చెరువుకు చేరలేనివారు పళ్లెంలో తర్పణం విడిచి, ఆ నీటిని ఎవరూ త్రొక్కని చోట, చెట్టు మొదట పోస్తున్నారు. శాస్త్రం అశక్తునికి సంక్షేపాన్ని అనుమతిస్తుంది. నువ్వులూ నీరూ ఉంటే చాలు. పేర్లు మాత్రం గుర్తుండాలి.

నిజమైన సంకటం అక్కడనే ఉన్నది. ముత్తాత పేరు తెలియని తరం వస్తున్నది. 2021 అక్టోబరు 6న వచ్చిన మహాలయామావాస్య ఈ సత్యాన్ని అనేక కుటుంబాలకు బోధించింది. ఆ వేసవిలో కరోనా మహమ్మారి వలన అంత్యదర్శనం సైతం లభించక తల్లిదండ్రులను కోల్పోయినవారికి, ఆనాటి తిలోదకం ఆచారమాత్రంగా కాక, చెప్పలేకపోయిన వీడ్కోలుగా పరిణమించింది. అటువంటి దుఃఖాన్ని కాగితంపై వ్రాసి కాల్చివేయమంటే హృదయం అంగీకరించదు. ఎందుకంటే దుఃఖం వెనుక ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషిని పేరుతో పిలిచి, నీరిచ్చి, నమస్కరించిన తరువాత దుఃఖం తానుగా తన బిగువును సడలిస్తుంది.

రెండవ సంకటం నీరు. విసర్జించడానికి చెరువు ఉండాలి. పూర్వులు చెరువును సంతానమన్నారు. చెరువును పూడ్చడం, మురుగుతో నింపడం సంతానహత్యతో సమానమని వేరుగా చెప్పనక్కరలేదు. రంగులు పూసిన విగ్రహాన్ని, ప్లాస్టిక్ పూలను నీటిలో వేయడం విసర్జనం కాదు. మన భారాన్ని మరొకరి గొంతులోకి త్రోయడం. గండిపేట నీటిని ఇచ్చినవారు తమ మృతుల ఋణాన్ని ఆ విధంగా తీర్చుకున్నారు. వారి తరువాతివారు ఆ నీటి ఋణాన్ని తీర్చుకోవలసి ఉన్నది.

భగవద్గీత అష్టాదశాధ్యాయం యజ్ఞదానతపస్సులను విడువరాదనీ, వాటియందలి సంగాన్ని, ఫలాపేక్షను మాత్రమే విడవాలనీ నిర్ణయించింది. మూసీ తీరపు చరిత్ర అంతా ఈ నిర్ణయానికి ఉదాహరణ. యజమానుడు ద్రవ్యాన్ని దేవతకు, భిక్షువు దోషాన్ని సంఘానికి, దాత భూమిని గ్రహీతకు, పుత్రుడు స్మృతిని పితరులకు, స్త్రీలు పూలను గంగమ్మకు అప్పగించారు. వీరిలో ఎవరూ దేనినీ మరచిపోవడానికి విడువలేదు. రాబోయే మహాలయామావాస్యనాడు హైటెక్ సిటీలోని ఏ గృహంలోనైనా ఒకరు తమ ఇంటి పెద్దలను అడిగి మూడు తరాల పేర్లు వ్రాసుకొని, వాటిని పైకి పలికి, దోసెడు నీరు విడిస్తే, తిలోదకం అనే మాటకు దాని పూర్వార్థం ఆ ఇంటిలోనైనా తిరిగి వస్తుంది.

స్వస్తి.